కోతి నవ్విన ఫోటో

మా కోవూరు స్టూడియోలోకి అడుగుపెట్టినవాళ్ళు మొదట గోడమీది పెళ్ళి ఫోటోలు చూస్తారు. తర్వాత రేటు అడుగుతారు. రేటు విని కాసేపు గమ్మునుండి, "ఆ కోతి ఫోటో తీసింది నువ్వేనంట గదన్నా?" అంటారు. నేనే. ఇరవై రెండేళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నాను. ఈ చుట్టుపక్కల నా పేరు చెబితే జనానికి గుర్తొచ్చేది ఏ పెళ్ళికూతురూ కాదు, ఆ కోతే.

2014లో పెంచలకోనలో ఒక పెళ్ళి. కొండ కింద నరసింహస్వామి గుడి, చుట్టూ అడివి, కోతులకు కొదవేముంది. జీలకర్ర బెల్లం గడియ దగ్గరపడింది. నా లెన్సు వధూవరుల చేతుల మీదే ఉంది, ఆ ఒక్క క్షణం తప్పిపోతే ఆ ఇంట్లో నాకు మళ్ళీ మంచినీళ్ళు కూడా పుట్టవు. పంతులుగారు మంత్రాలు చదువుతూ మంచి ఊపులో ఉన్నారు. ఇంతలో స్తంభం చాటునుంచి ఒక కోతి దిగి, ఆయన వెనక చేరి, ఉత్తరీయం కొసన మూటగట్టుకున్న అరటిపండ్లను పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. పంతులుగారేమో పెళ్ళివారెవరో తొందరపెడుతున్నారనుకున్నారు. వెనక్కి తిరక్కుండానే, "ఆగండి నాయనా, ముహూర్తం ఇంకా రెండు నిమిషాలుంది" అన్నారు.

కోతి ఆగలేదు. ఈయన తిరిగారు. నేను నొక్కాను.

ఆ ఫ్రేములో పంతులుగారి నోరు మంత్రం మధ్యలో తెరుచుకుని ఉంది. పెళ్ళికూతురు పెళ్ళికొడుకు భుజం చాటున నవ్వు దాచుకుంటోంది. కోతి మటుకు కెమెరా వైపు తిరిగి, నోట్లో పండ్లన్నీ బయటపెట్టి, ఫోటో తీయించుకునే చుట్టంలాగా నవ్వుతోంది. ఆ ఇంటివాళ్ళు ఆల్బంలో ముహూర్తం ఫోటోను అరపేజీకి తోసి, కోతికి రెండు పేజీలిచ్చారు. ఒక కాపీ నేను స్టూడియో గోడకు పెట్టుకున్నా.

అప్పటిదాకా నాకు తెలిసిన ఫోటో వేరే. "ఇటు చూడమ్మా, గడ్డం రవ్వంత దించు, అన్నా నువ్వు కొంచెం దగ్గరికి రా, ఆఁ నవ్వండి." రోజుకు నాలుగొందల సార్లు నవ్వండి అంటాను. నవ్వుతారు పాపం. ఆ నవ్వులన్నీ ఒక అచ్చులో పోసినట్టే ఉంటాయి. మా పనిలో ఉన్నవాళ్ళకు ఒక చిట్కా తెలుసు. గ్రూపు ఫోటో తీసేశాక "అయిపోయిందండీ, థాంక్యూ" అని కెమెరా కొద్దిగా దించాలి. బిగబట్టిన ఊపిరి వదులుతారు, ఒకరి నొకరు చూసుకుంటారు, పిల్లోడు తాత కాలు తొక్కుతాడు, అప్పుడొస్తుంది అసలు నవ్వు. నేను దానికి రెండో నవ్వని పేరు పెట్టుకున్నా. దించినట్టే దించి, నడుము దగ్గరినుంచే నొక్కేస్తాను.

జంతువులకు ఈ చిట్కా పనిచేస్తుందని తెలియడానికి నాకు ఇంకో నాలుగేళ్ళు పట్టింది.

ధనుర్మాసంలో మాకు పని ఉండదు. డిసెంబరు నడిమి నుంచి సంక్రాంతి దాకా ముహూర్తాలుండవు. అసిస్టెంటు కుర్రోళ్ళు ఊళ్ళకు పోతారు. నేను షాపు తీసి, పాస్‌పోర్టు సైజు ఫోటోలు తీసుకుంటూ ఈగలు తోలుకుంటూ కూర్చోవాలి. 2018లో నెల్లూరులో తెలిసిన ఒకాయన స్టూడియో మూసేస్తుంటే, 52 వేలకు, దూరంగా ఉన్నవాటిని దగ్గరికి లాగి చూపించే టామ్రాన్ 150-600 లెన్సు సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నా. దాదాపు రెండు కేజీల బరువు. ఇంట్లో చెప్పింది 25 వేలని. (ఈ పోస్టు మా ఇంట్లో చదువుతారని తెలుసు. ఏడేళ్ళయింది, ఇంక తెలిసినా ఫర్వాలేదు.) కొన్న వారానికి మోటార్ సైకిలేసుకుని నేలపట్టు పోయాను.

నేలపట్టు నాయుడుపేట దాటాక, దొరవారిసత్రం దగ్గర హైవే దిగి పోవాలి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తిరుపతి జిల్లాలో కలిపేశారు గానీ, మా నోటికి ఇంకా నెల్లూరు జిల్లా నేలపట్టే. 1976 నుంచి పక్షుల అభయారణ్యం. మనకు ఈశాన్య రుతుపవనాలకు అక్టోబరు, నవంబరులో చెరువులు నిండుతాయి కదా, ఆ నీళ్ళలో సగం మునిగి నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) వచ్చి గూళ్ళు కడతాయి. వాటితోపాటు నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాయిలు, నీటికాకులు. పిల్లలు పెద్దయ్యేసరికి ఎండాకాలం మొదలవుతుంది. మా ముహూర్తాలు లేని నెల, వాటికి నడి పెళ్ళిళ్ళ సీజను.

ఆ ఊరివాళ్ళు ఆ పక్షుల జోలికి పోరు. రెట్టలు పడి పడి ఆ చెరువు నీళ్ళు పొలానికి ఎరువులాగా పనిచేస్తాయి, వాళ్ళకు ఆ లెక్క తెలుసు. మొదటిరోజే ఆ ఎరువులో నా వాటా నా టోపీకి దక్కింది.

టవరు మీదెక్కి లెన్సు పెట్టి చూస్తే, చెట్టు కొసన ఒక గూడబాతు ఉన్నట్టుండి మెడను వెనక్కి మడిచి, ముక్కు కింద వేలాడే సంచిని మెడ మీదుగా లాగేసుకుంది. సంచి తిరగబడి, లోపలి మెడ ఎముక దాంట్లోంచి పొడుచుకొచ్చినట్టు కనపడింది. సంచిలోంచి చొక్కా బయటికి తీసినట్టు పక్షి తనలోంచి తాను బయటికొస్తోందేమోనని భయపడ్డా. చేపముల్లు గొంతులో అడ్డం పడిందనుకున్నా. కంగారుగా అక్కడున్న వాచర్ని పిలిచి చూపించా. ఆయన బీడీ ఆర్పేసి, నా కెమెరాలోంచి కాదు, ఉత్తి కళ్ళతోనే ఒకసారి చూసి, "దానికేం కాలేదు సార్, సంచి సాగదీసుకుంటా ఉండాది. మనం ఒళ్ళు విరుచుకోమా?" అన్నాడు.

అంతలో అది ఆ మడత విప్పి, ముక్కు నిట్టనిలువుగా ఆకాశానికెత్తి, సంచి తోలంతా బిగలాగి, చివరికి దులపరించుకుంది. నేను వాచర్తో మాట్లాడుతూ ఆ మొదటి భాగం, అసలు వింత భాగం, ఒక్క ఫ్రేము కూడా తీయలేదు. మళ్ళీ అది విరుచుకునేదాకా గంటా నలభై నిమిషాలు నిలబడ్డా. ఈసారి దొరికింది. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూపిస్తే మా ఆవిడ, "ఏమండీ, అచ్చం మీ అక్క పెళ్ళి వీడియోలో మీ మేనమామ ఆవలించినట్టే ఉందే" అంది. ఆ ఆవలింత ముక్కను నేనే ఎడిటింగులో కోసేశా. ఎలా గుర్తుందో మరి.

అక్కడ ఇంకొకటి చూడాలి. గూడబాతు పిల్ల ఆకలేసినప్పుడు తల్లి నోట్లోకి తలకాయంతా దూర్చేస్తుంది, మెడ దాకా లోపలికి పోతుంది. లోపల చేపల గంజి ఉంటుంది, అది తింటుంది. బయటినుంచి చూసేవాళ్ళకు తల్లి బిడ్డను మింగుతున్నట్టుంటుంది. చెన్నై నుంచి వచ్చిన ఒక కుటుంబం ఆ రోజు టవరు మీదే ఉంది, వాళ్ళ పాప "అమ్మా, తినేసింది!" అని ఏడుపు లంకించుకుంది. పిల్ల తల బయటికి రాగానే ఏడుపాపి, చప్పట్లు కొట్టింది. నా దగ్గర ఆ పిల్లపక్షి ఫోటో ఉంది. ఒళ్ళంతా తడిసి, కళ్ళు మూసుకుని, తలకు నూనె అంటించుకున్న బాలింత బిడ్డలాగా ఉంది.

రెండో నవ్వు సంగతి నాకు నత్తగుల్ల కొంగలు నేర్పాయి. పక్షి ఎగిరేటప్పుడు రెక్కలు విచ్చుకున్న ఫోటో అందరూ తీస్తారు, అది మన గ్రూపు ఫోటో లాంటిది. వాలాక చూడాలి. ఒక మగకొంగ కాబోలు, తన పొడుగంత పచ్చి కొమ్మ ఒకటి నోట కరుచుకుని, పందిరి గుంజ మోసుకొచ్చే పెళ్ళిమామలాగా గాలికి ఊగుతూ వచ్చింది. వాలేచోటు సరిగా చూసుకోలేదు. కొమ్మ ఒక కొస పక్క గూటి కొంగ వీపుకు తగిలింది, ఇంకో కొస గూట్లో కూర్చున్న దీని జోడు నెత్తికి. పక్క గూటిది తిరగబడి ఆ కొమ్మ కొసను గట్టిగా పట్టుకుంది. ఇటొకటి అటొకటి లాక్కుంటుంటే నడుమ ఆడకొంగ మెడ వంచి, అక్కడ ఏమీ జరగనట్టు, గూట్లో ఒక పుల్లను అటునుంచి ఇటు సర్దింది. మొత్తం పదకొండు ఫ్రేములు. చివరికి కొమ్మ ఎవరికి దక్కిందంటే, కింద నీళ్ళకు.

ఆ కొంగ ముక్కు మూసినా నడిమిన సందుంటుంది, అందుకే అది ఎప్పుడు చూసినా ఏదో అనబోయి ఆగినట్టు కనపడుతుంది. పిల్లలకు ఆ సందుండదు, పెరిగేకొద్దీ వస్తుంది. నత్తలు తినే కొంగ అది.

ఈ పనిలో నేను పాటించేవి రెండో మూడో ఉన్నాయి, చెప్తాను. షట్టర్ స్పీడు 1/1600కు తక్కువ పెట్టను, వెలుగు చాలకపోతే ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే శక్తి) పెరిగి మచ్చలొచ్చినా సరే. బీప్ శబ్దం ఆపేస్తా. తీయగానే వెనక స్క్రీను చూసుకోను, పెళ్ళిళ్ళలో అలవాటైన జబ్బది, నాకు వదలడానికి మూడు సీజన్లు పట్టింది. కొమ్మమీది పక్షి రెట్ట వేసిందంటే ఎగరబోతోందని అర్థం, అప్పుడు వేలు మీట మీదికి పోవాలి. అన్నిటికన్నా ముఖ్యం ఒకే పక్షిని పట్టుకుని కూర్చోవడం. పదిచోట్లకు తిరిగితే పది పక్షులు దొరుకుతాయి, అన్నీ పాస్‌పోర్టు ఫోటోల్లాగే వస్తాయి. ఒక్కదాని ఎదురుగా రెండు గంటలుంటే అది గోక్కుంటుంది, కాలు జారుతుంది, పక్కదానితో పేచీ పెట్టుకుంటుంది, తుమ్ముతుంది. మనం ఉన్నామన్న సంగతి మర్చిపోతుంది. ఒక పొద్దున 1,400 తీస్తే మూడు మిగిలాయంటే ఆ రోజు బాగా గడిచినట్టే.

నేలపట్టు దాకా పోకపోయినా ఫర్వాలేదని నాకు ఆలస్యంగా తెలిసింది. మా కోవూరు పొలాల్లో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు వెనక తెల్లకొంగలు పరిగెత్తుతాయి, బురదలోంచి లేచే పురుగూ పుట్రా వాటి టిఫిను. ఒక పొద్దున మంచు ఇంకా వీడలేదు, కేజ్ వీల్ ట్రాక్టరు వెనక ముప్పై దాకా కొంగలు. గట్టు మీద బోర్లా పడుకుని ఫోకస్ చేసుకుంటున్నా. డ్రైవరు నన్ను చూసి ట్రాక్టరు ఆపేశాడు. జుట్టు దువ్వుకుని, కళ్ళజోడు పెట్టుకుని, స్టీరింగు మీద చెయ్యేసి, "ఊఁ, తీయన్నా" అన్నాడు.

ట్రాక్టరు ఆగేసరికి కొంగలూ ఆగాయి. ముందు కొంచెం తికమకపడ్డాయి. తర్వాత ఒకదాని వెనక ఒకటి, మెడలు చాచుకుని, మొదటి బంతి లేవడం లేదేంటని చూసే పెళ్ళిభోజనాల రెండో బంతి జనంలాగా వరసగా నిలబడి డ్రైవరు వంక చూశాయి. ఒకటైతే ముందుకొచ్చి ట్రాక్టరు చక్రాన్ని ముక్కుతో పొడిచింది. నవ్వాపుకోలేక కెమెరా ఊగింది. తీసినవాటిలో సగం పాడయ్యాయి. మిగిలినవాటిలో డ్రైవరు హీరోలాగా, వెనక ఆ క్యూ. ఫోటో వాట్సాప్‌లో పంపితే "కొంగలు తీసేసి ఇంకొకటి పంపన్నా, డీపీ పెట్టుకోవాల" అని మెసేజ్ పెట్టాడు.

ఎండ్రకాయల (పీతల) సంగతి చెప్పకపోతే ఈ పోస్టు రాసి దండగ.

మైపాడు నెల్లూరుకు పాతిక కిలోమీటర్లు. బీచిలో ఇసుకమీది ఎర్ర ఎండ్రకాయల్ని అందరూ చూసుంటారు, కళ్ళు పుల్లల మీద పెట్టుకుని పరిగెత్తేవి. నేను చెప్పేది వాటి గురించి కాదు. సముద్రపు పోటుకు నీళ్ళెక్కి దిగే ఉప్పుకాలవల్లో, బురద ఒడ్డున, బొటనవేలంత ఎండ్రకాయలుంటాయి. మగదానికి ఒక డెక్క చిన్నదే, ఇంకొకటి ఒళ్ళంత పెద్దది. ఆ పెద్ద డెక్కను పైకెత్తి, దించి, మళ్ళీ ఎత్తుతుంది. బురదంతా వందల డెక్కలు ఒకేసారి రా రా రా అని పిలుస్తున్నట్టుంటుంది. పెళ్ళి వీడియోలో బస్సెక్కే చుట్టాలకు చెయ్యూపే మావాళ్ళే గుర్తొచ్చారు నాకు.

బురదలో ప్లాస్టిక్ పట్టా పరుచుకుని బోర్లా పడుకున్నా. నేను పడుకోగానే అన్నీ బొరియల్లోకి. ఇరవై నిమిషాలు. ఒక్కటి రాదు. పట్టపుపాళెం (జాలర్ల పల్లె) పిల్లోడొకడు, పదేళ్ళుంటాయేమో, అటుగా పోతూ ఆగాడు.

"ఏందన్నా, చచ్చిపోయావా?"

"లేదురా, ఫోటో తీస్తున్నా. గట్టిగా మాట్లాడబాక."

"మాట్లాడితే వాటికేం కాదు. నువ్వు మెడ తిప్పతా ఉండావు, అది చూసి పోతుండాయి. కదలబాక."

కదలకుండా ఉన్నా. వాడు చెప్పింది నిజమే, నాలుగు నిమిషాల్లో ఒక్కో కన్ను పైకొచ్చింది. తర్వాత ఒళ్ళు. తర్వాత డెక్క. వాడు గట్టుమీద గొంతుక్కూర్చుని, నాకు కామెంటరీ ఇవ్వడం మొదలుపెట్టాడు. "ఆ కుడిపక్కది పెద్ద రౌడీ. దానికి పోయినసారి డెక్క లేదు, మళ్ళీ వచ్చింది. ఇప్పుడు దానెనకది వస్తుంది చూడు." అన్నట్టే జరిగింది. డెక్క ఊడిపోతే మళ్ళీ మొలుస్తుందని నేను తర్వాత చదువుకున్నా. ఆ పిల్లోడు చదవకుండానే చెప్పాడు.

ఆడదానికి రెండూ చిన్న డెక్కలే. అందుకని రెండు చేతులతో గబగబా బురద ఎత్తుకుని నోట్లో పెట్టుకుంటుంది. మగది తినేది ఒంటిచేత్తోనే, ఇంకోటి ఊపడానికి సరిపోతుంది. నా ఫోటోలో ఒక మగది డెక్క ఆకాశానికెత్తి గంభీరంగా పిలుస్తుంటే, దాని ముందర ఆడది వీపు తిప్పుకుని భోంచేస్తోంది. పక్కనే ఇంకో మగది డెక్క సగం ఎత్తి ఆగింది, అడగాలా వద్దా అన్నట్టు. ఇన్నేళ్ళలో తీసినవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే.

ఆ పిల్లోడికి నచ్చింది మాత్రం అది కాదు. నా చేతిలోంచి ఫోన్ తీసుకుని వాడొక ఫోటో తీశాడు. బురదలో బోర్లాపడ్డ పెద్దమనిషి, పొట్ట ఇటుపక్కకి, చెప్పు ఒకటి ఊడిపోయి, ఆ చెప్పుమీదెక్కి డెక్క ఊపే ఎండ్రకాయ. మా ఆవిడ దాన్ని ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది.

ఇలాంటి ఫోటోలకు బయటి దేశాల్లో పెద్ద పోటీ ఉందని మా తమ్ముడు చూపించాడు. కామెడీ వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రఫీ అవార్డ్స్ అని, పాల్ జాయిన్సన్-హిక్స్, టామ్ సల్లమ్ అనే ఇద్దరు ఫోటోగ్రాఫర్లు 2015లో పెట్టారు. మొదటి ఏడు గెలిచింది నోటినిండా గడ్డి కుక్కుకుని పరిగెత్తే ఒక ఎలుకజాతి జంతువు. 2023లో గిటారు వాయిస్తున్నట్టుండే కంగారూ. 2020లో గెలిచిన తాబేలు ఫోటో ఆస్ట్రేలియాలో లేడీ ఎలియట్ దీవి దగ్గర మార్క్ ఫిట్జ్‌పాట్రిక్ తీసింది. తాబేలు ఈదుతూ రెక్క ముందుకు చాచింది, కెమెరాకు మటుకు అది నడిమివేలు చూపించి తిడుతున్నట్టు పడింది. దాన్ని చూసి టీకొట్టు దగ్గర పడీపడీ నవ్వాను. తర్వాత ఇంటికి నడుస్తుంటే అనిపించింది, తాబేలు చేసింది ఈత. తిట్టు మన బుర్రలోది.

అది తప్పని నేననను. నేనూ పెళ్ళిమామ, రెండో బంతి, మేనమామ ఆవలింత అని రాస్తున్నాగా. కాకపోతే ఫోటోలో మనం చూసే తమాషా వెనక ఆ జంతువుకు ఏదో సొంత పని ఉంటుంది. ఎండకు గూడబాతు గొంతు గజగజ వణికిస్తుంటే చలికి వణుకుతోందని నవ్వుకుంటాం, అది ఒంట్లో వేడి దించుకుంటోంది. చెమట పట్టదు కదా పక్షికి.

ఆ పని తెలుసుకోకుండా తమాషా కోసమే పోయేవాళ్ళతో నాకు పడదు. ఒకసారి నేలపట్టులో, నాకంటే మూడింతలు ఖరీదైన లెన్సున్న ఒకాయన, కూర్చున్న పక్షులు ఎగిరితే బాగుంటుందని చప్పట్లు చరిచాడు. ఎగరకపోతే రాయి కూడా వేశాడు. గూళ్ళ మీదినుంచి పెద్దపక్షులు లేచిపోతే కాకులకూ గద్దలకూ కావలసింది అదే, గుడ్లు, పిల్లలు. వాచర్ పరిగెత్తుకుంటూ వచ్చి నాలుగు పెట్టాడు. ఇంకొంతమంది ఆకును గొడుగులాగా పట్టుకున్న కప్ప, నత్తమీద స్వారీ చేసే కప్ప అని ఫోటోలు పెడుతుంటారు. వాటిలో చాలా వరకు పెంచుకున్న కప్పల్ని దారాలతోనో, చేత్తోనో కూర్చోబెట్టి తీసేవే. పెళ్ళికూతుర్ని గడ్డం దించమంటే కనీసం ఆమె కాదనగలదు.

ఇంత నీతి చెప్పే నా సంగతికొస్తా.

మా బ్యాచ్‌మేటొకడు కాలేజీలో జువాలజీ చెప్తాడు. రెండేళ్ళ కింద స్టూడియోకొచ్చి, టీ తాగుతూ గోడమీది కోతి వంక చూసి, "ఇది నవ్వడం లేదురా" అన్నాడు. కోతులు పెదాలు వెనక్కి లాగి పండ్లన్నీ చూపించేది బెదిరినప్పుడు, లేదా పెద్ద కోతి ముందు నేను నీకు లొంగాను, నన్నేం చేయొద్దు అని చెప్పేటప్పుడట. "దేన్ని చూసి భయపడింది? నిన్ను చూసా?" అని నవ్వి, టీ తాగేసి పోయాడు. నాకు తెలిసినంతలో నేను ఆరడుగుల దూరాన మోకాళ్ళ మీదున్నా. కోతి అరటిపండు గుంజుకుంటూ నన్ను పట్టించుకోనే లేదు. ఆ రోజు నుంచి ఎవరన్నా "కోతి భలే నవ్విందన్నా" అంటే, ఊఁ అని ఊరుకుంటున్నా గానీ లోపల తొలుస్తానే ఉంది.

పోయిన మాఘంలో ఆ పెళ్ళికూతురు ఫోన్ చేసింది. ఇప్పుడు ఇద్దరు పిల్లలు, బుచ్చిరెడ్డిపాళెంలో ఇల్లు కట్టుకున్నారు. "అన్నా, గృహప్రవేశం పెట్టుకున్నాం. హాల్లోకి ఆ కోతి ఫోటో పెద్దది కావాల." పాత హార్డ్‌డిస్కు వెతికి, ఆల్బంలో వేసింది కాకుండా అసలు ఫైలు తెరిచా. పదేళ్ళ తర్వాత మొదటిసారి పూర్తి ఫ్రేము చూశా.

ఎడమ పక్కన, అంచుకు ఆనుకుని, ఒక చెయ్యి. చేతిలో ఎత్తిన కర్ర. మణికట్టుకు పెద్ద స్టీలు గడియారం, ఎర్ర దారం. కోతి చూపు నా లెన్సు మీద లేదు, నా భుజం పక్కనున్న ఆ కర్ర మీద ఉంది. ఆల్బంకి ఆ చెయ్యి అడ్డంగా ఉందని నేనే కోసేశా. కోసిన సంగతి కూడా గుర్తులేదు, ఒక్కో పెళ్ళికి రెండు వేల ఫోటోలు కోస్తాం.

అమ్మాయికి ఫోన్ చేసి, "అమ్మా, పూర్తి ఫోటోలో ఎవరిదో చెయ్యి ఉంది, కర్ర పట్టుకుని. ఎప్పట్లాగా తీసేసి వేస్తాలే" అని చెప్పి, అసలుది వాట్సాప్‌లో పంపా. అరగంట దాకా పలుకు లేదు. నీలం టిక్కులు మాత్రం పడ్డాయి.

తర్వాత ఫోన్ వచ్చింది. గొంతు మారింది. "అన్నా, ఆ గడియారం మా తాతది. కట్టుకునింది మా చిన్నాన్న. పెళ్ళిరోజు వంటల దగ్గరే ఉండిపోయాడు, గ్రూపు ఫోటోకి పిలిస్తే సాంబారు పొంగుతుందని రాలేదు. ఆల్బమంతా వెతికినాం ఆయన పోయినప్పుడు, ఒక్కదాంట్లో లేడు. కోతిని తరమడానికి వచ్చుంటాడు."

నాకు ఏమనాలో తోచలేదు. సైజెంత వెయ్యమంటావమ్మా అనడిగా.

"ఎంతైనా వెయ్యన్నా. చెయ్యి మాత్రం కొయ్యబాక."

ఇరవై ఇంటూ ముప్పై వేయించా. గృహప్రవేశానికి నన్నూ పిలిచారు, భోజనానికి, ఫోటోలకు కాదు. హాల్లో పిల్లలంతా ఫోటో ముందర చేరి కోతిలాగా పండ్లు చూపించుకుంటున్నారు. వాళ్ళ వెనక ముసలావిడొకామె ఎడమ పక్క అంచును వేలితో తుడుస్తోంది, అక్కడ దుమ్మేమీ లేదు. ఇంతలో వ్రతం చేయించిన పంతులుగారు లోపల్నుంచి వచ్చారు, అప్పటి పంతులుగారే, జుట్టు నెరిసింది. ఫోటో వైపు ఒకసారి తలెత్తి చూసి, గమ్మున తన ఉత్తరీయం కొస ముందుకు లాక్కుని ముడి తడిమి చూసుకున్నారు.

నా కెమెరా ఇంట్లో ఉంది.